ఒక్కటి పోతే మొత్తం ఆగకూడదు: ల్యాబ్ పోర్టల్‌కి సర్వర్లు, డేటాబేస్ ఎలా పెట్టాలి?

గాజువాక_పీహెచ్‌పీ:
అందరికీ నమస్కారం. ద్వారకా నగర్‌లో ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్ పోర్టల్ నేను చూసుకుంటున్నాను. గాజువాక, మధురవాడ, అనకాపల్లి కలెక్షన్ సెంటర్ల నుంచి శాంపిల్ ఎంట్రీ, పేషెంట్లు రిపోర్టు డౌన్‌లోడ్ చేసుకోవడం, డాక్టర్లు రాత్రిపూట తెరిచి చూసుకోవడం అన్నీ దాంట్లోనే. ఇప్పుడు అంతా ల్యాబ్ పైఅంతస్తులో ఒకే సర్వర్ మీద నడుస్తోంది: ఎన్‌జింక్స్ (వెబ్ సర్వర్), పీహెచ్‌పీ (పోర్టల్ కోడ్), మైఎస్‌క్యూఎల్ 8 (డేటాబేస్), రిపోర్టుల పీడీఎఫ్‌లు, అన్నీ. ఈమధ్య దాని మదర్‌బోర్డు పోయింది, కొత్తది వచ్చేదాకా డాక్టర్లు రిపోర్టులు ఫోన్లో చదివించుకున్నారు. ఇక మీదట ఏ ఒక్కటి పోయినా మొత్తం ఆగకూడదు, ఏం కావాలో రాసి ఇవ్వు అన్నారు ఓనరుగారు.

నా ప్లాన్ ఇది. ముందు ఒక లోడ్ బ్యాలెన్సర్ (వచ్చినవాళ్లని సర్వర్ల మధ్య పంచేది), దాని వెనక రెండు వెబ్ సర్వర్లు, వాటి వెనక రెయిడ్ 10 (ఒక డిస్క్ పోయినా డేటా పోకుండా రెండేసి కాపీలు ఉంచే పద్ధతి) పెట్టిన ఒక మంచి డేటాబేస్ సర్వర్. బడ్జెట్ మరీ పెద్దది కాదు. ఇది సరిపోతుందా, ఇంకేమైనా చూడాలా?

అక్కయ్యపాలెం_నెట్‌వర్క్:
సరిపోదు గురూ. ప్లాన్‌ని ఒకసారి కాగితం మీద గీసి ఒక్కో డబ్బా మీద వేలు పెట్టి చూడండి, "ఇది ఇప్పుడు ఆగిపోతే?" అని. వెబ్ సర్వర్ దగ్గర "రెండోది ఉంది" అంటారు. లోడ్ బ్యాలెన్సర్ దగ్గర జవాబు లేదు, డేటాబేస్ దగ్గరా లేదు. అంటే అన్నిటికన్నా తేలిగ్గా మళ్లీ నిలబెట్టగలిగేదాన్ని రెండు చేసి, పోతే కోలుకోవడం కష్టమైనవాటిని ఒక్కొక్కటే ఉంచారు.

లెక్క కూడా చూడండి. 99.9 శాతం నడిచే వస్తువు అంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగుతుంది. అలాంటివి మూడు వరసగా ఉండి, మూడూ పనిచేస్తేనే సైటు పనిచేస్తుందంటే మొత్తం 99.7 శాతానికి దిగుతుంది, ఏడాదికి 26 గంటలు. అంటే మధ్యలో కొత్తగా ఒక డబ్బా పెట్టి దానికి జోడీ పెట్టకపోతే మీ సిస్టమ్ ముందుకన్నా బలహీనపడిందన్నమాట.

లోడ్ బ్యాలెన్సర్‌కి మందు పాతదే. రెండు చిన్న మెషిన్ల మీద హెచ్ఏప్రాక్సీ (లోడ్ బ్యాలెన్సర్ సాఫ్ట్‌వేర్), రెండిటి మీదా కీప్‌అలైవ్‌డీ (ఒకదాన్నొకటి కనిపెట్టుకునేది), మధ్యలో ఒక వర్చువల్ ఐపీ, అంటే ఏ మెషిన్ పనిలో ఉంటే దాని మీదకి మారే అడ్రస్. ముందున్నది "బతికే ఉన్నా" అని సెకనుకోసారి చెబుతూ ఉంటుంది, మూడు నాలుగు సెకన్లు ఆ మాట వినపడకపోతే రెండోది ఐపీని తన మీదకి లాక్కుంటుంది. వెబ్ సర్వర్ల విషయం హెచ్ఏప్రాక్సీ చూసుకుంటుంది, డిఫాల్టుగా 2 సెకన్లకోసారి తట్టి చూసి వరసగా 3 సార్లు పలకకపోతే పక్కన పెడుతుంది.

ఎంవీపీ_స్టూడెంట్:
ఒక డౌట్ అన్నా. లోడ్ బ్యాలెన్సర్ లేకుండా డీఎన్ఎస్‌లోనే (సైటు పేరుకి ఐపీ అడ్రస్ చెప్పే వ్యవస్థ) రెండు ఐపీలు ఇచ్చేస్తే సరిపోదా? మా క్లాసులో అలాగే చెప్పారు.

అక్కయ్యపాలెం_నెట్‌వర్క్:
లోడ్ పంచడానికి పనికొస్తుంది తమ్ముడూ, సర్వర్ చచ్చిపోయినప్పుడు మాత్రం నమ్మలేం. మామూలు డీఎన్ఎస్‌కి ఏ సర్వర్ బతికుందో తెలియదు, చచ్చినదాని ఐపీ కూడా ఇస్తూనే ఉంటుంది. బ్రౌజర్లు చాలావరకు రెండో ఐపీని ప్రయత్నిస్తాయి కానీ ముందు మొదటిదాని దగ్గర ఎదురుచూస్తాయి, మొబైల్ యాప్‌లు, వేరే సాఫ్ట్‌వేర్లు ఆ మాత్రం కూడా చెయ్యకపోవచ్చు. నువ్వు రికార్డు మార్చినా టీటీఎల్ (జవాబు దాచుకోగల గడువు) అయ్యేదాకా, ఒక్కోసారి అయ్యాక కూడా, పాత జవాబే ఎక్కడో కాష్‌లో ఉంటుంది. హెల్త్ చెక్ చేసే డీఎన్ఎస్ సర్వీసులు ఉన్నాయి, అవి రెండు ఊళ్ల మధ్య మార్చడానికి బాగుంటాయి.

సర్వర్‌రూమ్_సీతమ్మధార:
ఒక మాట ముందే చెప్పాలి. మీరందరూ మెషిన్లు లెక్కపెడుతున్నారు, నేను ఆ రెండు మెషిన్లూ కలిసి దేని మీద ఆధారపడ్డాయో లెక్కపెడతాను. ఈ ఊళ్లో సర్వర్ రూమ్ నడిపినవాళ్లకి అది 2014 అక్టోబర్ 12న తెలిసొచ్చింది. హుద్‌హుద్ తుఫాను నేరుగా మన మీదే తీరం దాటింది, గంటకు 180 కిలోమీటర్ల గాలి, చాలా పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు మూగబోయాయి. అప్పుడు నేను చూసే ఆఫీసులో ప్రతిదీ రెండేసి ఉండేవి. సర్వర్లు రెండు, స్విచ్‌లు రెండు, ఇంటర్నెట్ కంపెనీలు రెండు. ఆ రెండు కంపెనీల ఫైబరూ మా సందులో ఒకే స్తంభం మీదుగా వచ్చేది, స్తంభం పడింది, రెండూ తెగాయి. జనరేటర్ బానే ఉంది, డీజిల్ దొరకలేదు. బంకుల దగ్గర క్యూలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి.

అందుకని మీ పైఅంతస్తుకి వెళ్లి నిజంగా కళ్లతో చూడండి. సర్వర్‌కి పవర్ సప్లైలు రెండు ఉండి రెండు వైర్లూ ఒకే యూపీఎస్‌లోకి వెళ్తున్నాయా? రెండు తాళంచెవులు చేయించి రెండూ ఒకే గుత్తికి తగిలించినట్టే అది. రెండు సర్వర్లూ కలిసి ఎనిమిది పోర్టుల చిన్న స్విచ్ ఒక్కదానిలోకి వెళ్తున్నాయా? స్విచ్‌లు రెండు పెడితే ఒక్కో సర్వర్ నుంచి ఒక్కోదానికి ఒక్కో కేబుల్ వేసి యాక్టివ్-బ్యాకప్ బాండింగ్ (ఒక కేబుల్ పనిచేస్తూ, అది పోతే రెండోది అందుకోవడం) పెట్టండి. ఆ రెండు స్విచ్‌లూ స్టాక్ చేసే (ఒకటిగా కలిసి పనిచేసే) రకం కాకపోతే ఎల్ఏసీపీ (రెండు కేబుళ్లనీ ఒకే లింకుగా కలిపేది) జోలికి పోవద్దు. ఏసీ ఒక్కటేనా? మే నెలలో ఏసీ ఆగితే రెండు సర్వర్లూ కలిసే వేడెక్కుతాయి. బీచ్‌కి దగ్గరైతే ఏసీ బయటి యూనిట్లు ఉప్పుగాలికి ఎంత తొందరగా తుప్పు పడతాయో మీకు చెప్పక్కర్లేదు.

క్లౌడ్_రుషికొండ:
ఇవన్నీ చదువుతుంటేనే టెన్షన్ వస్తోంది, ఒక చిన్న ల్యాబ్ ఇదంతా సొంతంగా ఎందుకు మొయ్యాలి? అమెజాన్‌కి ముంబై రీజియన్ (డేటా సెంటర్లున్న ప్రాంతం) 2016 నుంచి ఉంది, హైదరాబాద్ రీజియన్ 2022లో వచ్చింది, ఒక్కోదానిలో మూడేసి అవైలబిలిటీ జోన్లు (కరెంటు, నెట్‌వర్క్ వేరువేరుగా ఉండే డేటా సెంటర్ల గుంపులు) ఉన్నాయి. గూగుల్, అజూర్‌లకీ మన దేశంలో రీజియన్లు ఉన్నాయి. రెండు జోన్లలో చెరో వెబ్ సర్వర్, ముందు వాళ్ల లోడ్ బ్యాలెన్సర్, వెనక మల్టీ-ఏజెడ్ (ఒకటికన్నా ఎక్కువ జోన్లలో కాపీలు ఉండే) డేటాబేస్. జనరేటర్, డీజిల్, ఏసీ గొడవ వాళ్లు చూసుకుంటారు. రేపు గూగుల్ మన వైజాగ్‌లోనే కడతానన్న డేటా సెంటర్ వచ్చాక ఇంకా దగ్గరవుతుంది.

సర్వర్‌రూమ్_సీతమ్మధార:
క్లౌడ్‌కి నేను వ్యతిరేకం కాదు బాబూ, ఈ ల్యాబ్‌కి నేనూ అదే చెబుతాను. కాకపోతే అక్కడికి వెళ్తే సింగిల్ పాయింట్ (అది ఒక్కటి పోతే అంతా ఆగే చోటు) పోదు, చోటు మారుతుంది. ఇప్పుడు ఇంటర్నెట్ పోయినా ల్యాబ్ లోపల శాంపిల్ ఎంట్రీ నడుస్తుంది. రేపు లైను తెగితే ఢిల్లీలో ఉన్న పేషెంటు పాత రిపోర్టు చూసుకోగలడు, ద్వారకా నగర్‌లో టెక్నీషియన్ మాత్రం బార్‌కోడ్ కూడా తియ్యలేడు. కాబట్టి క్లౌడ్ ఖర్చులో ఒక 4జీ లేదా 5జీ రౌటర్ ఖర్చు కూడా కలపండి, అది ఫైబర్ ఇచ్చే కంపెనీది కాకుండా వేరేదై ఉండాలి. లైను లేనప్పుడు ఎంట్రీలు లోకల్ మెషిన్‌లో దాచి తర్వాత పంపే చిన్న ఏర్పాటు ఉంటే ఇంకా మంచిది. అది రాయడం నీ పనే గాజువాకా.

ఇంకోటి. క్లౌడ్ అనగానే భద్రం అనుకుని అన్నీ ఒకే చోట పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి పూర్తిగా కాలిపోయింది, సర్వర్‌తో పాటు బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో పెట్టుకున్నవాళ్లకి ఏమీ మిగల్లేదు. 2025 అక్టోబర్ 20న అమెజాన్ వర్జీనియా రీజియన్‌లో డైనమోడీబీ అనే డేటాబేస్ సర్వీసు డీఎన్ఎస్ రికార్డు ఖాళీ అయిపోతే ప్రపంచం మొత్తం మీద ఎన్ని యాప్‌లు ఆగాయో చూశాం, అక్కడ జోన్లు ఎన్ని ఉన్నా లాభం లేకపోయింది. బ్యాకప్ మాత్రం వేరే రీజియన్‌లో, వీలైతే వేరే అకౌంట్‌లో ఉండాలి.

గాజువాక_పీహెచ్‌పీ:
సార్, చాలా థ్యాంక్స్. ఓనరుగారితో మాట్లాడాను, క్లౌడ్‌కి ఒప్పుకున్నారు. వెబ్ సర్వర్ల సంగతి అర్థమైంది. డేటాబేస్ దగ్గరే భయంగా ఉంది. రెండు మైఎస్‌క్యూఎల్ సర్వర్లు పెట్టి, రెండిటిలోనూ రాసేలా ఒకదానికొకటి రెప్లికేషన్ (మార్పులు ఎప్పటికప్పుడు కాపీ కావడం) పెట్టేస్తే సరిపోదా? ఒకటి పోతే ఇంకోటి ఎలాగూ ఉంటుంది కదా.

డీబీఏ_మధురవాడ:
దయచేసి అలా చెయ్యకండి, అందులోనూ ల్యాబ్‌కి అసలు వద్దు. ఎందుకో మీ టేబుల్‌తోనే చెబుతాను.

మీ శాంపిల్ టేబుల్‌లో నంబరు ఆటో ఇంక్రిమెంట్ (తనంతట తానే ఒక్కోటి పెరిగేది) అనుకుందాం. చివరి నంబరు 50,210. రెండు సర్వర్లూ బాగానే ఉన్నాయి, మధ్యలో నెట్‌వర్క్ మాత్రం ఒక నిమిషం తెగింది. ఎదుటిది చచ్చిందని ఇదీ అనుకుంటుంది, అదీ అనుకుంటుంది. గాజువాక సెంటర్ ఎంట్రీ మొదటిదానికి వెళ్లింది, ఒక పెద్దాయన క్రియాటినిన్, నంబరు 50,211. అదే నిమిషంలో అనకాపల్లి ఎంట్రీ రెండోదానికి వెళ్లింది, ఒక గర్భిణి షుగర్ పరీక్ష, దానికీ 50,211. రెండు చోట్లా బార్‌కోడ్ ప్రింట్ అయి ట్యూబు మీద అంటుకుంది. నెట్‌వర్క్ తిరిగొచ్చాక రెప్లికేషన్ డూప్లికేట్ కీ అని ఆగిపోతుంది. ఎవరో కంగారులో ఆ ఎర్రర్‌ని స్కిప్ చేస్తారు, ఇక ఒకరి రిపోర్టు ఇంకొకరి పేరు మీద వెళ్లే అవకాశం వచ్చేసినట్టే. నంబర్లు సరి, బేసిగా పంచుకోవచ్చు, దానికి సెట్టింగ్ ఉంది, కానీ అది నంబర్ల గొడవనే తీరుస్తుంది. ఒకే పేషెంటు రో (టేబుల్‌లో ఒక వరస) రెండు చోట్లా మారితే ఏది నిజమో ఎవరు చెబుతారు? దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటాం. సైటు ఒక గంట ఆగడం కన్నా ఇది చాలా ప్రమాదం, ఎందుకంటే ఆగితే తెలుస్తుంది, ఇది తెలియదు.

అందుకే ముందు ఓనరుగారిని రెండు ప్రశ్నలు అడగండి. ఎంతసేపు ఆగితే ఓర్చుకుంటారు? ఎన్ని నిమిషాల డేటా పోతే ఓర్చుకుంటారు? రెండూ సున్నా అంటారు మొదట, అందరూ అంటారు. ఒక్కోదాని ఖరీదు చెప్పాక అసలు జవాబు వస్తుంది. ల్యాబ్‌కైతే నా ఉద్దేశంలో పది నిమిషాలు ఆగినా పర్వాలేదు, ఒక్క రిజల్టు కూడా పోకూడదు.

ఇప్పుడు మామూలు మైఎస్‌క్యూఎల్ రెప్లికేషన్ అసింక్రనస్. రాతలు తీసుకునేది ప్రైమరీ, దాని కాపీ రెప్లికా. ప్రైమరీ "సేవ్ అయింది" అని చెప్పేశాక వీలున్నప్పుడు రెప్లికాకి వెళ్తుంది. ఆ లోపు ప్రైమరీ పోతే, టెక్నీషియన్ తన కళ్లతో చూసిన రిజల్టు రెప్లికాలో ఉండదు. సెమీసింక్ పెడితే కనీసం ఒక రెప్లికాకి అందిందని తెలిశాకే సేవ్ అయిందంటుంది. ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటి ఉంది. రెప్లికా పలకకపోతే డిఫాల్టుగా 10 సెకన్లు చూసి తనే అసింక్రనస్‌లోకి జారిపోతుంది, యూజర్‌కి ఏ తేడా కనపడదు. సెమీసింక్ స్టేటస్ మీద అలారం లేకపోతే మీకు సెమీసింక్ లేనట్టే లెక్క.

ఆటోమేటిక్‌గా మారాలంటే మూడు ఓట్లు కావాలి. రెండు మెషిన్లలో ఎవరు చచ్చారో, మధ్య వైరు తెగిందో లోపలున్నవాళ్లు తేల్చుకోలేరు. మూడుంటే ఇద్దరు ఒకవైపు ఉంటారు, మెజారిటీ ఉన్నవైపే రాతలు సాగుతాయి, ఒంటరిగా మిగిలినది రాయడం ఆపేస్తుంది. నాలుగు పెట్టినా ఒక్కదాన్నే పోగొట్టుకోగలరు, రెండు పోయినా నిలబడాలంటే అయిదు కావాలి. మీరు మైఎస్‌క్యూఎల్ 8లో ఉన్నారు కాబట్టి ఇన్నోడీబీ క్లస్టర్ చూడండి, లోపల ఈ ఓట్ల పని చూసే గ్రూప్ రెప్లికేషన్ ఉంటుంది. డిఫాల్ట్ సింగిల్ ప్రైమరీ మోడ్‌లోనే ఉంచండి, రాసేది ఒకచోటే. మూడు మెషిన్లు మూడు జోన్లలో. కనెక్షన్లని ప్రైమరీకి పంపే మైఎస్‌క్యూఎల్ రౌటర్‌ని వేరే మెషిన్ మీద పెట్టకుండా ఒక్కో వెబ్ సర్వర్ మీద ఒక్కోటి పెట్టండి, లేకపోతే అదే కొత్త సింగిల్ పాయింట్ అవుతుంది. మరియాడీబీ గలేరా (ఇలాంటిదే ఇంకో క్లస్టర్) అయితే మూడోది డేటా లేకుండా ఓటు మాత్రం వేసే ఆర్బిట్రేటర్ అయినా సరిపోతుంది, కొంచెం ఖర్చు తగ్గుతుంది.

డాబాగార్డెన్స్_హోస్టింగ్:
మేడమ్‌గారు చెప్పింది కరెక్టే, కానీ ఒక్కడు చూసుకునే సిస్టమ్‌కి మూడు మెషిన్ల క్లస్టర్ భారం అవుతుందని నా అభిప్రాయం. ఒక ప్రైమరీ, ఒక సెమీసింక్ రెప్లికా, ఫెయిలోవర్ (రెప్లికాని ప్రైమరీ చెయ్యడం) మాత్రం మనిషి చేత్తో. ఏం చెయ్యాలో ఒక పేజీలో రాసి పెట్టుకుంటే పావుగంటలో అయిపోతుంది. ఆటోమేటిక్ తొందరపడితే ఏమవుతుందో కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ దగ్గర చూశాం. 2018 అక్టోబర్ 21న అమెరికా తూర్పు తీరంలో వాళ్ల నెట్‌వర్క్ తెగింది 43 సెకన్లే. ఆ లోపే సిస్టమ్ పడమటి తీరంలో ఉన్న డేటాబేస్‌ని ప్రైమరీ చేసేసింది. తూర్పున కొన్ని రాతలు అటు చేరకుండా ఉండిపోయాయి, పడమర కొత్త రాతలు మొదలయ్యాయి, రెండూ కలపలేక పూర్తిగా సర్దుకునేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. అంత పెద్ద టీమ్‌కే అంతైంది.

డీబీఏ_మధురవాడ:
ఒప్పుకుంటాను. పావుగంట ఆగడం సరే అంటే చేత్తో ఫెయిలోవర్ మంచి దారి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రెండు షరతులు. రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేవాళ్లు ఇద్దరు ఉండాలి, ఒక్కడే అయితే ఆ మనిషే సింగిల్ పాయింట్. పాత ప్రైమరీ నిజంగా ఆగిందని నిర్ధారించుకున్నాకే, అంటే పవర్ ఆఫ్ చేసి లేదా ఫైర్‌వాల్‌లో మూసేశాకే, రెప్లికాని పైకి తేవాలి. ఇది ఆ పేజీలో మొదటి లైనుగా రాయండి.

లేదంటే క్లౌడ్ వాళ్లే నడిపిపెట్టే మేనేజ్డ్ డేటాబేస్. అమెజాన్ ఆర్‌డీఎస్ మల్టీ-ఏజెడ్‌లో స్టాండ్‌బై (సిద్ధంగా ఉండే కాపీ) సింక్రనస్‌గా, అంటే ప్రతి రాతా అక్కడికీ చేరాకే సేవ్ అయ్యేలా ఉంటుంది, మారడానికి మామూలుగా 60 నుంచి 120 సెకన్లు అంటారు. ఒక్క మనిషి చూసే చోట నేను దీనికే ఓటేస్తాను, నెలకి ఖర్చు ఎక్కువైనా సరే.

క్లౌడ్_రుషికొండ:
పైన కీప్‌అలైవ్‌డీ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. క్లౌడ్‌లో ఆ వర్చువల్ ఐపీ అలాగే పనిచెయ్యదు, చాలా నెట్‌వర్కుల్లో మల్టీకాస్ట్ (ఒక గుంపుకి ఒకేసారి కబురు పంపడం) ఉండదు, ఐపీని ఏఆర్‌పీతో (ఈ ఐపీ ఇప్పుడు నాది అని చాటి) లాక్కోవడం కుదరదు. అక్కడ వాళ్ల లోడ్ బ్యాలెన్సరే వాడుకోవాలి, అది లోపల జోన్‌కి ఒకటి చొప్పున ఉంటుంది, రెండు జోన్లూ టిక్ చేశామా లేదా చూసుకోవాలి.

సైజు సంగతి కూడా. రెండు వెబ్ సర్వర్లూ 70 శాతం లోడ్‌లో నడుస్తుంటే ఒకటి పోయిన క్షణంలో రెండోదాని మీద 140 శాతం పడుతుంది, అదీ కూలుతుంది. ఉదయం రిపోర్టులు వచ్చే రద్దీ వేళలో ఒక్కోటి 40 శాతం దాటకుండా చూసుకోండి, లేదా మూడు పెట్టండి.

అక్కయ్యపాలెం_నెట్‌వర్క్:
హెల్త్ చెక్ గురించి ఒక హెచ్చరిక. చెక్ పేజీలో డేటాబేస్ క్వెరీ పెడతారు కొందరు, బాగా తెలుస్తుందని. డేటాబేస్ ఒక అర నిమిషం నెమ్మదిస్తే రెండు వెబ్ సర్వర్లూ ఒకేసారి ఫెయిల్ అని తేలి, లోడ్ బ్యాలెన్సర్ వెనక ఎవరూ లేకుండా పోతారు, "కాసేపు ఆగండి" అనే పేజీ చూపించడానికి కూడా. లోడ్ బ్యాలెన్సర్‌కి ఇచ్చే పేజీ ఆ మెషిన్ సంగతి మాత్రమే చెప్పాలి: పీహెచ్‌పీ పలుకుతోందా, డిస్క్ నిండలేదా. డేటాబేస్ చెక్ మానిటరింగ్‌కి వేరే పెట్టుకోండి. ఆ మానిటరింగ్ కూడా అదే రీజియన్‌లో ఉండకూడదు, ఇల్లు కాలితే అలారం కూడా కాలకూడదు కదా.

గాజువాక_పీహెచ్‌పీ:
మేనేజ్డ్ డేటాబేస్‌కే వెళ్తున్నాం. ఓనరుగారు పది నిమిషాలు ఆగినా సరే, రిజల్టు పోకూడదు అన్నారు, మేడమ్ చెప్పినట్టే. ఇప్పుడు కోడ్ వైపు ఏం మార్చాలో చూస్తున్నాను. టెస్టింగ్‌కి రెండు వెబ్ సర్వర్లు పెట్టగానే లాగిన్ ఒక క్లిక్‌కి ఉంటోంది, ఇంకో క్లిక్‌కి పోతోంది. రిపోర్టు ఒకసారి తెరుచుకుంటోంది, రిఫ్రెష్ చేస్తే 404. ఇంకా, ఒక పేషెంటుకి "మీ రిపోర్టు సిద్ధం" అనే ఎస్సెమ్మెస్ రెండుసార్లు వెళ్లింది.

క్లౌడ్_రుషికొండ:
మూడిటికీ కారణం ఒక్కటే, ప్రతి సర్వర్ తానొక్కటే ఉన్నాననుకుంటోంది. పీహెచ్‌పీ సెషన్లు (ఎవరు లాగిన్ అయ్యారనే గుర్తులు) డిఫాల్టుగా లోకల్ ఫైల్లో ఉంటాయి, వాటిని రెడిస్ అనే మెమరీ స్టోర్‌లోకో డేటాబేస్‌లోకో మార్చు. రెడిస్ అయితే అది కూడా ఒక్కటే పెట్టకు. స్టికీ సెషన్ అని ఒకే యూజర్‌ని ఒకే సర్వర్‌కి కట్టేసే దారి ఉంది, లాగిన్ సమస్య పైకి కనపడకుండా పోతుంది కానీ సర్వర్ పోయిన రోజు దానికి కట్టిన అందరూ లాగౌట్ అవుతారు.

పీడీఎఫ్‌లు ఆబ్జెక్ట్ స్టోరేజీలో (క్లౌడ్ వాళ్ల ఫైళ్ల గోదాం) పెట్టు. ఎన్ఎఫ్ఎస్ షేర్ (రెండు సర్వర్లూ పంచుకునే ఒకే ఫోల్డర్) ఒకటి పెడితే అది ఆగిన రోజు రెండు వెబ్ సర్వర్లూ దాని కోసం ఎదురుచూస్తూ బిగుసుకుపోతాయి. ఫైల్ వెర్షనింగ్ (పాత కాపీలు కూడా ఉంచడం) ఆన్ చెయ్యి.

ఎస్సెమ్మెస్ రెండుసార్లు వెళ్లడం క్రాన్ (టైముకి పని నడిపేది) వల్ల, రెండు చోట్లా అదే జాబ్ నడుస్తోంది. ఒకదానిలో తీసేస్తే ఆ సర్వర్ పోయినప్పుడు ఎస్సెమ్మెస్‌లే ఆగుతాయి. డేటాబేస్‌లో ఒక టేబుల్, దాంట్లో రిపోర్ట్ నంబరూ మెసేజ్ రకమూ కలిపి యూనిక్ కీ. పంపేముందు ఇన్సర్ట్ చెయ్యి, ఇన్సర్ట్ అయినవాడే పంపాలి, డూప్లికేట్ అని వచ్చినవాడు వదిలెయ్యాలి. ఇన్సర్ట్ అయ్యాక పంపకుండా మధ్యలో చచ్చిపోయినవాడి కోసం "పంపింది" అనే కాలమ్ వేరే పెట్టి, ఖాళీగా మిగిలిపోయినవాటిని కాసేపాగి మళ్లీ చూడు.

డీబీఏ_మధురవాడ:
అందరూ ముందుకెళ్లే ముందు బ్యాకప్. రెప్లికా బ్యాకప్ కాదు. ఎవరైనా ఏ రోలో చెప్పే 'వేర్' షరతు లేకుండా డిలీట్ కమాండ్ కొడితే ఆ డిలీట్ కూడా క్షణంలో రెప్లికాకి నమ్మకంగా చేరుతుంది. ఫుల్ బ్యాకప్, దాని మీద బిన్‌లాగ్‌లు (ప్రతి మార్పూ వరసగా రాసుకునే ఫైళ్లు), వీటితో తప్పు జరిగిన క్షణానికి ముందు దాకా తిరిగి వెళ్లగలగాలి. సొంతంగా నడిపేవాళ్లు ఒక గంట ఆలస్యంగా నడిచే రెప్లికా ఒకటి పెట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది, మైఎస్‌క్యూఎల్‌లో అది ఒక్క సెట్టింగే.

గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్ సంగతి ప్రతి కొత్తవాళ్లకీ చెబుతాను. 2017 జనవరి 31 రాత్రి రెప్లికేషన్ సరిచేస్తూ ఒక ఇంజనీర్ సెకండరీ అనుకుని ప్రైమరీలో డేటా ఫోల్డర్ తీసేశారు, దాదాపు 300 జీబీ. బ్యాకప్‌కి చూస్తే డంపులు వేరే వెర్షన్ టూల్‌తో నడిచి ఎప్పటినుంచో ఫెయిల్ అవుతున్నాయి, ఫెయిల్ అయ్యాయని చెప్పే మెయిళ్లు రిజెక్ట్ అయిపోతున్నాయి. వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఉండబట్టి బతికారు, ఆ ఆరు గంటల డేటా పోయింది. ఆ సంగతంతా వాళ్లే దాచకుండా బయటపెట్టారు కాబట్టి మనకి తెలిసింది, ఆ పని మీద నాకు చాలా గౌరవం. కాబట్టి నెలకోసారి బ్యాకప్‌ని వేరే మెషిన్ మీద రీస్టోర్ చేసి, నిన్నటి తేదీ రిపోర్టు ఒకటి తెరిచి చూడండి. ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి.

సర్వర్‌రూమ్_సీతమ్మధార:
గాజువాకా, లైవ్‌కి వెళ్లే ముందు డ్రిల్ చెయ్యి. మెల్లగా షట్‌డౌన్ చేసి చూస్తే లాభం లేదు, అలా చేస్తే సర్వర్ అందరికీ చెప్పి మరీ వెళ్తుంది, కనెక్షన్లు శుభ్రంగా మూసేస్తుంది. నిజం చావు అలా ఉండదు. వర్చువల్ మెషిన్‌ని ఫోర్స్ స్టాప్ కొట్టు. నెట్‌వర్క్ తెగడం చూడాలంటే ఫైర్‌వాల్‌లో రిజెక్ట్ కాదు, డ్రాప్ పెట్టు, రిజెక్ట్ అయితే అవతలివాడికి వెంటనే కబురు అందుతుంది. ఒక్కోటి తీసేసి గడియారం చూడు.

గాజువాక_పీహెచ్‌పీ:
డ్రిల్ చేశాను సార్, ఆదివారం మధ్యాహ్నం కలెక్షన్ సెంటర్లు మూసేశాక. వెబ్ సర్వర్ ఒకటి ఫోర్స్ స్టాప్ చేస్తే కొన్ని సెకన్లు ఎర్రర్లు, తర్వాత ఎవరికీ తెలియలేదు. ల్యాబ్ ఫైబర్ పీకేస్తే 5జీ రౌటర్‌కి మారింది, ఎంట్రీ సాగింది.

డేటాబేస్ దగ్గర విచిత్రం. ఫెయిలోవర్ ఒకటిన్నర నిమిషంలో అయిపోయింది, నా ల్యాప్‌టాప్ నుంచి కొత్త ప్రైమరీకి కనెక్ట్ అవుతున్నాను కూడా. పోర్టల్ మాత్రం ఆ తర్వాత చాలాసేపు తిరుగుతూనే ఉంది. వెనక నడుస్తూ క్యూలో ఉన్న పనులు ఒక్కోటి తీసుకుని చేసే వర్కర్ ప్రాసెస్ అయితే పావుగంట దాకా కదల్లేదు, ఆ తర్వాత దానంతట అదే కోలుకుంది. ఎందుకలా?

డీబీఏ_మధురవాడ:
ఆ పావుగంటకి లెక్క ఉంది. మీ వర్కర్ పాత ప్రైమరీకి క్వెరీ పంపి జవాబు కోసం కూర్చుంది. అవతలి మెషిన్ చెప్పకుండా మాయమైంది కాబట్టి కనెక్షన్ మూసే ప్యాకెట్ రాలేదు. లినక్స్ ఊరుకోకుండా మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది, టీసీపీ రీట్రైస్2 అనే సెట్టింగ్ డిఫాల్ట్ 15, అవన్నీ అయ్యేసరికి 15 నిమిషాలు దాటుతుంది. డ్రిల్‌లో మెల్లగా షట్‌డౌన్ చేసి ఉంటే ఇది మీకు కనిపించేదే కాదు.

కోడ్‌లో కనెక్ట్ టైమౌట్ 3 సెకన్లు, రీడ్ టైమౌట్ మీ పెద్ద రిపోర్టు క్వెరీకి పట్టే దానికన్నా కొంచెం ఎక్కువ పెట్టండి. పర్సిస్టెంట్ (మూయకుండా మళ్లీ మళ్లీ వాడే) కనెక్షన్లు వాడుతుంటే తీసెయ్యండి. వర్కర్ ఎర్రర్ వచ్చిన వెంటనే కనెక్షన్ పారేసి కొత్తగా పేరుతో కనెక్ట్ అవ్వాలి, ఐపీని ఎక్కడా దాచుకోకూడదు, ఫెయిలోవర్‌లో మారేది ఆ పేరు వెనక ఉన్న ఐపీయే కాబట్టి. మళ్లీ ప్రయత్నించేటప్పుడు అందరూ ఒకేసారి పడకుండా మధ్యలో అటూ ఇటూగా కొంచెం విరామం ఇవ్వండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, రాసేటప్పుడు టైమౌట్ వస్తే అది సేవ్ అయిందో లేదో మీకు తెలియదు. గుడ్డిగా మళ్లీ ఇన్సర్ట్ చేస్తే రిజల్టు రెండుసార్లు పడుతుంది. ఎస్సెమ్మెస్‌కి పెట్టిన యూనిక్ కీ పద్ధతే ఇక్కడా పెట్టండి.

ఎంవీపీ_స్టూడెంట్:
చాలా నేర్చుకున్నాను. సొంత క్లస్టర్ అయితే, చచ్చిపోయిన పాత ప్రైమరీ తిరిగి లేచినప్పుడు ఏం చెయ్యాలి? దానంతట అదే చేరిపోతుందా?

డీబీఏ_మధురవాడ:
నేను ఆటోమేటిక్‌గా చేరనివ్వను. దాని దగ్గర ఎవరికీ అందని ఒకటి రెండు ట్రాన్సాక్షన్లు ఉండొచ్చు. జీటీఐడీలు (ఒక్కో ట్రాన్సాక్షన్ గుర్తింపు నంబర్లు) పోల్చి చూసి, ఎక్కువ ఉంటే ఆ రోలు బయటికి తీసి పెట్టుకుని, మెషిన్‌ని తుడిచి క్లోన్ ప్లగిన్‌తో (వేరే సర్వర్ డేటా మొత్తం కాపీ చేసేది) కొత్తగా నింపి చేర్చడం మేలు. అది మైఎస్‌క్యూఎల్ 8.0.17 నుంచి ఉంది.

గాజువాక_పీహెచ్‌పీ:
టైమౌట్లు మార్చి మళ్లీ డేటాబేస్ ఫెయిలోవర్ చేయించాను, ఈసారి డేటాబేస్ లేచిన కొన్ని సెకన్లకే పోర్టలూ వర్కరూ రెండూ లేచాయి. బ్యాకప్ హైదరాబాద్ రీజియన్‌కి వేరే అకౌంట్‌లోకి వెళ్తోంది, రీస్టోర్ చేసి పేషెంటు రిపోర్టు తెరిచి చూశాను. వచ్చేవారం లైవ్. ఇంకేమైనా మిగిలిందా?

సర్వర్‌రూమ్_సీతమ్మధార:
డొమైన్ ఎవరి పేరు మీద ఉంది, రెన్యువల్ ఎప్పుడు, ఓటీపీ ఏ నంబరుకి వెళ్తుంది? సర్టిఫికెట్ రెన్యూ కాకపోతే ఎవరికి మెసేజ్ వస్తుంది? క్లౌడ్ బిల్లు కట్టే కార్డు గడువు?

గాజువాక_పీహెచ్‌పీ:
ఇప్పుడే చూశాను సార్. క్లౌడ్ కార్డు పర్వాలేదు, సర్టిఫికెట్ లోడ్ బ్యాలెన్సర్ దగ్గరే తనంతట తానే రెన్యూ అవుతోంది. డొమైన్ ఓటీపీ మాత్రం ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన అకౌంటెంట్ నంబరుకి వెళ్తోంది. రేపు పొద్దున్నే ఓనరుగారితో కూర్చుని మార్పిస్తాను.

సర్వర్‌రూమ్_సీతమ్మధార:
మార్చాక ఓటీపీ ఒకటి తెప్పించి చూడు. ఇద్దరి నంబర్లు పెట్టే వీలుంటే ఇద్దరివీ పెట్టించు.